చిన్న ప్రచురణ సంస్థ: అనువాదకులకు, బైండరుకు, బొమ్మలవారికి ఇచ్చే డబ్బులో టీడీఎస్ ఎంత, ఎప్పుడు?

కృష్ణలంక_ప్రచురణలు (విజయవాడ)
12 డిసెంబర్ 2025, ఉదయం 10:14

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ మా నాన్నగారి పేరు మీద సొంత వ్యాపారంగా పుస్తకాలు వేస్తూ వచ్చాం. ఏడాది అమ్మకాలు ఎన్నడూ ముప్పై లక్షలు దాటలేదు. ఎవరికి డబ్బివ్వాలన్నా చెక్కు రాసి ఇచ్చేవాళ్లం, టీడీఎస్ (డబ్బిచ్చేటప్పుడే పన్ను పట్టుకుని ప్రభుత్వానికి కట్టడం) మాటే లేదు. మొన్న అక్టోబరులో నేనూ మా చెల్లెలూ కలిసి భాగస్వామ్య సంస్థగా రిజిస్టరు చేయించాం. పాన్, బ్యాంకు ఖాతా అన్నీ కొత్తవి. బ్యాంకులో తెలిసినాయన ఒకరు "సంస్థ అయ్యారుగా, ఇక టీడీఎస్ పట్టుకోవాల్సిందే" అని భయపెట్టారు.

మా దగ్గర జీతానికి ఉన్నది ముగ్గురే. మిగతా పనంతా బయటివాళ్లే చేస్తారు. ఒక హిందీ నవల అనువాదానికి మొత్తం 80,000 రూపాయలకు మాట్లాడుకున్నాం. నవంబరు 18న 25,000 అడ్వాన్సు ఇచ్చాం, వచ్చే వారం ఇంకో 30,000 ఇవ్వాలి. ముఖచిత్రాలు, లోపలి బొమ్మలు హైదరాబాదులో ఒక కళాకారుడు వేస్తారు. బైండింగుకు అచ్చయిన ఫారాలు మేమే పంపుతాం, బిల్లు ఒక్కొక్కటి పాతిక వేల లోపు. ఇవి కాక ఒక ఎడిటరు గారు నెలకు 24,000కు పని చేస్తున్నారు, ఆయనను 'కన్సల్టెంట్' అని కాగితం రాసుకున్నాం. రచయితలకు రాయల్టీ ఎలాగూ ఉంది.

వీళ్లలో ఎవరి దగ్గర ఎంత పట్టుకోవాలి? పట్టుకోకపోతే ఏమవుతుంది? తెలిసినవారు చెప్పగలరు.

---

పద్దుల_రామయ్య (తెనాలి)
12 డిసెంబర్ 2025, ఉదయం 11:02

మీ బ్యాంకాయన చెప్పింది నిజమే. సొంత పేరుతో వ్యాపారం చేసేవారికి అంతకు ముందు ఏడాది టర్నోవరు కోటి రూపాయలు దాటితేనే, వృత్తిలో ఉన్నవారికైతే వసూళ్లు 50 లక్షలు దాటితేనే ఆదాయపు పన్ను చట్టంలోని 194సి (కాంట్రాక్టు పని), 194జె (వృత్తి సేవలు, రాయల్టీ) సెక్షన్ల కింద టీడీఎస్ బాధ్యత వస్తుంది. మీ నాన్నగారు అందుకే ఏళ్ల తరబడి నిశ్చింతగా ఉన్నారు. భాగస్వామ్య సంస్థకు, కంపెనీకి, ట్రస్టుకు ఈ టర్నోవరు వెసులుబాటు లేదు. సంస్థ పుట్టిన రోజు నుంచే బాధ్యత మొదలవుతుంది, అమ్మకాలు మూడు లక్షలైనా సరే.

నాన్నగారి ఖాతా నుంచి ఏప్రిల్, సెప్టెంబరు మధ్య వెళ్లిన చెల్లింపులను ఇందులో కలపనక్కర్లేదు. పాన్ వేరు, చెల్లించే వ్యక్తి వేరు. కొత్త సంస్థ పరిమితులు సున్నా నుంచి లెక్క.

ఈ రోజే చేయాల్సిన పని టాన్‌కు దరఖాస్తు. టాన్ అంటే పన్ను పట్టుకునేవారికి శాఖ ఇచ్చే నంబరు, దానికి ఫారం 49బి. అది లేకుండా చలానా కట్టలేరు. టాన్ తీసుకోవాల్సినవారు తీసుకోకపోతే 10,000 రూపాయల జరిమానాకు వీలుంది.

---

ఆడిట్_పట్టిక (గుంటూరు, చార్టర్డ్ అకౌంటెంట్)
12 డిసెంబర్ 2025, మధ్యాహ్నం 1:37

రామయ్య గారు చెప్పినదానికి కొనసాగింపు.

ఎవరికి ఎంత అనేది పని స్వభావాన్ని బట్టి ఉంటుంది. కాంట్రాక్టు పనికి 194సి: చేసేది వ్యక్తి అయితే 1 శాతం, సంస్థ అయితే 2 శాతం. ఒకే బిల్లు 30,000 దాటినా, ఏడాది మొత్తం లక్ష దాటినా పట్టుకోవాలి. వృత్తి సేవలకు, రాయల్టీకి 194జె: 10 శాతం. దీని పరిమితి గత ఏడాది వరకు 30,000 ఉండేది, 2025 ఏప్రిల్ 1 నుంచి 50,000 అయింది. పాత వ్యాసాలు చదివి 30,000 అనుకునేవారు ఇప్పటికీ ఉన్నారు.

అనువాదం దగ్గర మీరు గమనించని మెలిక ఒకటి ఉంది. అడ్వాన్సు 25,000 మాత్రమే కదా, 50,000 దాటలేదు కదా అనుకుంటారు. కానీ చట్టం ఇప్పటిదాకా ఇచ్చిన మొత్తాన్నే చూడదు, ఆ ఏడాదిలో ఇవ్వబోయే మొత్తాన్ని కూడా చూస్తుంది. మార్చి లోపలే మొత్తం 80,000 ఇవ్వాలని ఒప్పందంలో ఉంటే, మొదటి 25,000 నుంచే పట్టుకోవాల్సింది. అడ్వాన్సు కాబట్టి తరువాత చూద్దాం అనడం కుదరదు. ఖాతాలో జమ రాసిన రోజు, డబ్బిచ్చిన రోజు, ఈ రెండింటిలో ఏది ముందైతే ఆ రోజే టీడీఎస్.

కంగారు పడకండి. వచ్చే వారం 30,000 ఇచ్చేటప్పుడు రెండు విడతలకూ కలిపి 5,500 పట్టుకుని 24,500 ఇవ్వండి. పాత 2,500 మీద ఆలస్యానికి నెలకు 1 శాతం వడ్డీ. నవంబరు, డిసెంబరు రెండు నెలలుగా లెక్కేసినా 50 రూపాయలు. అది మీ జేబులోంచే కట్టాలి, అనువాదకుల డబ్బులోంచి కాదు. డిసెంబరులో పట్టుకున్నది జనవరి 7 లోపు కట్టేయాలి.

---

అనువాదిని (విశాఖపట్నం)
12 డిసెంబర్ 2025, సాయంత్రం 4:20

అవతలి పక్షం నుంచి నాలుగు మాటలు. నేను హిందీ, ఇంగ్లిష్ నుంచి అనువాదాలు చేస్తాను. టీడీఎస్ పట్టుకోవడం మీద నాకు అభ్యంతరం లేదు. పట్టుకుంటామని పని ఒప్పుకునే రోజు చెప్పకుండా, డబ్బు వేసిన రోజు చెప్పడం మీద ఉంది. ఎనభై వేలు అంటే నా చేతికి ఎనభై వేలు వస్తాయనే లెక్క వేసుకుంటాను కదా.

రెండోది మరీ బాధ కలిగించేది. రెండేళ్ల క్రితం ఒక సంస్థ నా బిల్లులో 10 శాతం పట్టుకుంది. రిటర్ను వేసే నాటికి, నా పేరు మీద జమైన పన్నును చూపే 26ఏఎస్‌లో ఒక్క రూపాయి కనిపించలేదు. అడిగితే 'మా అకౌంటెంటు చూస్తున్నారు' అన్నారు. ఆ చూడటం ఇంకా పూర్తి కాలేదు. నా డబ్బు ప్రభుత్వానికీ చేరలేదు, నాకూ రాలేదు. ఇలాంటప్పుడు మేం చేయగలిగింది ఏమైనా ఉందా?

---

ఆడిట్_పట్టిక
12 డిసెంబర్ 2025, సాయంత్రం 6:05

అనువాదిని గారూ, ఉంది. ఆదాయపు పన్ను చట్టం 205వ సెక్షన్ ప్రకారం మీ చెల్లింపులోంచి పన్ను పట్టుకున్నాక, ఆ మేరకు పన్ను మళ్లీ మిమ్మల్ని నేరుగా అడగకూడదు. ఆ విధంగా ఒత్తిడి చేయవద్దని ప్రత్యక్ష పన్నుల బోర్డు 2015లో తన అధికారులకు చెప్పింది, 2016లో మరోసారి గుర్తు చేసింది. కానీ పట్టుకున్నారని మీరు చూపించగలగాలి. మీ బిల్లు, అందులో తగ్గించి వేసినట్లు తెలిసే బ్యాంకు స్టేట్‌మెంటు, 'ఇంత టీడీఎస్ పోను ఇంత పంపుతున్నాం' అనే మెయిలు, ఈ మూడూ దాచుకోండి. నోటీసు రాకుండా ఆపలేం, వచ్చాక జవాబు చెప్పుకోగలం. రిఫండు దగ్గర మాత్రం కష్టమే, కంప్యూటర్ 26ఏఎస్‌లో ఉన్నదే చూస్తుంది.

ఇక్కడున్న సంస్థల వారికి: మూడు నెలలకోసారి 26క్యూ (టీడీఎస్ వివరాల రిటర్ను) వేశాక, గడువు తేదీ నుంచి 15 రోజుల్లో ఫారం 16ఎ (టీడీఎస్ ధ్రువపత్రం) ఇవ్వాలి. అడిగితే ఇచ్చే కాగితం కాదు అది, అడగకపోయినా ఇవ్వాల్సింది.

---

కొత్త_చందాదారు (కర్నూలు)
12 డిసెంబర్ 2025, రాత్రి 8:48

ఇంత ఇబ్బంది ఎందుకు? 15జి ఫారం (నాకు పన్ను పడదు, పట్టుకోవద్దు అనే ప్రకటన) నింపి ఇచ్చేస్తే సరిపోదా? మా అమ్మ బ్యాంకు డిపాజిట్టుకు ఏటా అలాగే ఇస్తుంది, ఒక్క పైసా పట్టుకోరు.

---

పద్దుల_రామయ్య
12 డిసెంబర్ 2025, రాత్రి 9:15

సరిపోదు. 15జి డిపాజిట్ల వడ్డీలాంటి కొన్ని ఆదాయాలకే. 194సి, 194జె చెల్లింపులకు అది చెల్లదు. అలాంటి ఫారాలు తీసుకుని ఫైల్లో పెట్టుకుని ధీమాగా కూర్చున్న సంస్థలను చూశాను. నోటీసు వచ్చాక ఆ ఫారం కాగితం విలువ కూడా చేయదు.

నిజంగా పన్ను పడని ఆదాయమైతే దారి 197 సెక్షన్. పని చేసేవారే శాఖకు ఫారం 13లో దరఖాస్తు చేసుకుని తక్కువ రేటుకో, సున్నా రేటుకో ధ్రువపత్రం తెచ్చుకోవాలి. ఏడాదికి రెండు మూడు పుస్తకాలు చేసేవారికి ఆ తిరుగుడు కంటే రిటర్ను వేసి రిఫండు తెచ్చుకోవడమే తేలిక. కొత్త విధానంలో 2025–26కు నాలుగు లక్షల వరకు పన్నే లేదు, పన్నెండు లక్షల ఆదాయం వరకు పన్నును సున్నా చేసే 87ఎ రాయితీ ఉంది. అనువాదాల మీదే బతికేవారికి సాధారణంగా మొత్తం తిరిగి వస్తుంది. రిటర్ను వేశాక 30 రోజుల్లో ధ్రువీకరించడం మాత్రం మరచిపోకూడదు, లేదంటే వేసినట్టే లెక్కకు రాదు.

---

బొమ్మల_కొలువు (హైదరాబాదు)
13 డిసెంబర్ 2025, ఉదయం 9:30

పుస్తకాలకు బొమ్మలు వేస్తాను. ఒక ప్రచురణకర్త 1 శాతం పట్టుకుంటారు, ఇంకొకరు 10 శాతం. చేసేది ఒకే పని. అరవై వేల బొమ్మలకు ఒకరి దగ్గర ఆరు వందలు పోతాయి, ఇంకొకరి దగ్గర ఆరు వేలు. ఏది సరైనది?

---

పద్దుల_రామయ్య
13 డిసెంబర్ 2025, ఉదయం 10:11

నా మాట అడిగితే 1 శాతం. 194జెలో వృత్తి అంటే ఏమిటో చట్టమే జాబితా ఇచ్చింది: న్యాయం, వైద్యం, ఇంజినీరింగు, ఆర్కిటెక్చర్, అకౌంటెన్సీ, సాంకేతిక సలహా, ఇంటీరియర్ డెకరేషన్, ప్రకటనలు, ఆపైన ప్రత్యేకంగా ప్రకటించినవి. సినిమా కళాకారులు అందులో ఉన్నారు, పాటల రచయిత, సంభాషణల రచయిత సహా. పుస్తకానికి బొమ్మ వేసేవారి పేరు లేదు. ఆర్డరిచ్చి కొలతలు చెప్పి వేయించుకున్న పని కాంట్రాక్టు పనే.

---

ఆడిట్_పట్టిక
13 డిసెంబర్ 2025, ఉదయం 11:44

రామయ్య గారూ, జాబితా సరే. కానీ బొమ్మ మీద హక్కులు మీకే ఇస్తున్నానని కళాకారుడు రాసిచ్చిన ప్రతిసారీ అది కాపీరైటు బదలాయింపు అవుతుంది. దానికిచ్చే ప్రతిఫలం ఆదాయపు పన్ను చట్టం దృష్టిలో రాయల్టీ. రాయల్టీ 194జెలోనే ఉంది, 10 శాతం.

---

పద్దుల_రామయ్య
13 డిసెంబర్ 2025, మధ్యాహ్నం 12:20

1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ చూడండి. డబ్బిచ్చి గీయించుకున్న చిత్రానికి, వేరే ఒప్పందం లేకపోతే, గీయించుకున్నవారే మొదటి హక్కుదారు. హక్కు మొదటి నుంచీ ప్రచురణకర్తదే అయితే ఇక బదలాయించడానికి ఏముంది? రాయల్టీ ఎక్కడిది?

---

ఆడిట్_పట్టిక
13 డిసెంబర్ 2025, మధ్యాహ్నం 2:02

మంచి వాదన, కోర్టులో వినడానికి బాగుంటుంది. ట్యాబ్ మీద గీసి ఫైలు పంపిన బొమ్మ ఆ సెక్షన్ చెప్పే 'పెయింటింగ్' అవుతుందా అనే ప్రశ్న వెంటనే వస్తుంది. నేను చూసేది రిస్కు ఎవరి మీద పడుతుందని. 1 శాతం పట్టుకుని, తరువాత అధికారి 10 శాతం అంటే ఆ తేడా, వడ్డీ సంస్థ నెత్తిన. ఆ ఖర్చులో 30 శాతాన్ని పన్ను లెక్కలో ఒప్పుకోకుండా కొట్టివేస్తారా లేదా అన్నది అదనం. తక్కువ రేటుకు పట్టుకుంటే ఆ కొట్టివేత వర్తించదని కలకత్తా హైకోర్టు, వర్తిస్తుందని కేరళ హైకోర్టు తీర్పులిచ్చాయి. చిన్న సంస్థకు ఆ రెండు హైకోర్టుల మధ్య నిలబడే ఓపిక ఉంటుందా?

అందుకని కృష్ణలంక వారికి నా సలహా: అనువాదానికి, హక్కులు రాసిచ్చే బొమ్మలకు, రాయల్టీకి 10 శాతం. హక్కుల ప్రసక్తి లేని లేఅవుట్, డీటీపీ పనికి 194సి.

---

బొమ్మల_కొలువు
13 డిసెంబర్ 2025, మధ్యాహ్నం 2:40

అర్థమైంది. ఇకమీదట 'చేతికి ఇంత' అనే మాట్లాడుకుంటాను, పన్ను సంగతి వాళ్లే చూసుకుంటారు.

---

ఆడిట్_పట్టిక
13 డిసెంబర్ 2025, మధ్యాహ్నం 3:05

అలా మాట్లాడుకోవచ్చు, కానీ సంస్థ వైపు లెక్క మారుతుంది. చేతికి 54,000 అంటే బిల్లు 54,000 కాదు, 60,000. దాని మీద 6,000 టీడీఎస్. 54,000 మీద 10 శాతం అని 5,400 కట్టి వదిలేస్తే లెక్క తప్పు. మీరు రిటర్నులో చూపాల్సిన ఆదాయం కూడా 60,000.

జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్నవారికి ఇంకో మాట. బిల్లులో జీఎస్టీ విడిగా చూపితే దాని మీద టీడీఎస్ ఉండదు, అసలు ఫీజు మీదే. 2017లో బోర్డు ఇచ్చిన 23వ నంబరు సర్క్యులర్ ఇది. కలిపి ఒకే అంకె రాస్తే మొత్తం మీదా పోతుంది.

---

అట్టా_దారం (రాజమహేంద్రవరం)
13 డిసెంబర్ 2025, సాయంత్రం 5:50

నేను బైండరును. ఇక్కడ అందరూ పెన్ను పట్టుకునేవారే, మా సంగతి కూడా చెప్పండి. ఫారాలు వస్తాయి, మడుస్తాం, వరుసలు పేరుస్తాం, దారంతో కుట్టి, జిగురు పట్టించి, అట్ట వేసి మూడు వైపులా కోత కోస్తాం. కాపీకి ఇంత అని రేటు. మా దగ్గర ఆడవాళ్లకు వారం వారం నగదు ఇవ్వాలి, అందుకే మేమూ నగదే అడుగుతాం. ఈ మధ్య పని ఇచ్చే పార్టీలు నగదు ఇవ్వలేమంటున్నాయి, 1 శాతం కోస్తున్నాయి, పైగా డబ్బు నాలుగు నెలలకు ఇస్తున్నాయి.

---

పద్దుల_రామయ్య
13 డిసెంబర్ 2025, సాయంత్రం 6:32

మీ పని ఖాయంగా 194సి, ఇందులో వాదనే లేదు. కాగితం, ఫారాలు పార్టీవి, కష్టం మీది. (ప్రింటరే తన కాగితంతో పుస్తకం తయారు చేసి ఇస్తే కథ వేరు. సామగ్రి వేరేచోట కొని చేసి ఇచ్చేది చట్టం చెప్పే 'పని'లోకి రాదు, అమ్మకం కిందికి వస్తుంది.)

లెక్క ఇలా. 24,000 చొప్పున నాలుగు బిల్లులైతే 96,000. ఒక్కటీ 30,000 దాటలేదు, మొత్తం లక్ష కాలేదు, కాబట్టి కోత లేదు. అయిదోది రాగానే 1,20,000. అప్పుడు అయిదో బిల్లు మీద మాత్రమే కాదు, మొత్తం మీద 1 శాతం, 1,200 పట్టుకుంటారు. అయిదో బిల్లులో ఎక్కువ కోశారని పోట్లాడకండి. ఏడాదికి అయిదు బిల్లులని ముందే ఖాయమైతే మొదటి నుంచే కోస్తారు, అదీ సరైనదే.

నగదు సంగతి: ఒకే రోజు ఒకే వ్యక్తికి 10,000కు మించి నగదు ఇస్తే 40ఎ(3) కింద ఆ ఖర్చును పార్టీకి ఒప్పుకోరు. వాళ్లు ఇవ్వనంటున్నది మొండితనంతో కాదు.

నాలుగు నెలల ఆలస్యం సంగతి మాత్రం మీ చేతిలో ఉంది. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న సంస్థల ప్రభుత్వ నమోదు) చేయించుకోండి, బిల్లు మీద ఆ నంబరు వేయండి. సూక్ష్మ, చిన్న సంస్థలకు రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో చెల్లించాలి. ఆలస్యమైతే 43బి(హెచ్) కింద పార్టీకి ఆ ఖర్చు డబ్బిచ్చిన ఏడాదిలోనే చెల్లుతుంది, 2023–24 నుంచి ఈ నిబంధన ఉంది. మార్చి నెలాఖరుకు ఆడిటర్లే మీకు ఫోన్లు చేయిస్తారు.

---

కృష్ణలంక_ప్రచురణలు
15 డిసెంబర్ 2025, ఉదయం 10:05

ఇన్ని వివరాలు వస్తాయనుకోలేదు, అందరికీ ధన్యవాదాలు. టాన్ దరఖాస్తు వేశాం. మా బైండరు గారి పాన్ అడిగి పోర్టల్లో చూస్తే అది పనిచేయడం లేదని వచ్చింది. ఆధార్‌తో కలపలేదట. ఆయన పాన్ నంబరు ఇదీ: [తొలగించబడింది]. దీనికేమైనా చేయాలా?

---

నిర్వాహకుడు
15 డిసెంబర్ 2025, ఉదయం 10:21

పాన్ నంబరు తొలగించాను. మీదైనా, ఇతరులదైనా పాన్, ఆధార్, బ్యాంకు ఖాతా నంబర్లు ఇక్కడ పెట్టవద్దు.

---

ఆడిట్_పట్టిక
15 డిసెంబర్ 2025, ఉదయం 10:58

డబ్బిచ్చే ముందే చూశారు, చాలా మేలు. పనిచేయని పాన్ అంటే పాన్ లేనట్టే లెక్క, 206ఎఎ కింద రేటు 20 శాతం. రామయ్య గారి లెక్కలో 1,200 కాస్తా 24,000 అవుతుంది. 1 శాతమే పట్టుకుంటే మిగతా 22,800 డిమాండు మీ సంస్థకు వస్తుంది, ఆయనకు కాదు. ముందు ఆయన చేత లింకు చేయించండి. కొత్తగా పని ఇచ్చే ప్రతి ఒక్కరి పాన్ మొదటి చెల్లింపుకు ముందే సరిచూడండి.

---

చట్టం_చెట్టు (హైదరాబాదు, న్యాయవాది)
15 డిసెంబర్ 2025, మధ్యాహ్నం 12:45

అందరూ వదిలేసిన మనిషి ఎడిటరు గారు. కృష్ణలంక వారూ, ఆయన ఎన్ని గంటలకు వస్తారు? ఎవరి కంప్యూటర్ మీద పని చేస్తారు? సెలవు కావాలంటే ఎవరిని అడుగుతారు?

---

కృష్ణలంక_ప్రచురణలు
15 డిసెంబర్ 2025, మధ్యాహ్నం 1:10

పదిన్నరకు వస్తారు, ఆరుకు వెళతారు. కంప్యూటర్ మాదే. సెలవు నాకే చెబుతారు. ఏ పుస్తకం ముందు చూడాలో నేనో, మా చెల్లెలో చెబుతాం. కానీ ఆయన సంతకం పెట్టిన కాగితంలో 'స్వతంత్ర కన్సల్టెంట్' అని స్పష్టంగా ఉందండీ.

---

చట్టం_చెట్టు
15 డిసెంబర్ 2025, మధ్యాహ్నం 2:28

కాగితం మీద రాసుకున్న పేరును కోర్టులు పట్టించుకోవు, సంబంధం ఎలా నడుస్తోందో చూస్తాయి. మన తెలంగాణ ప్రాంత దుకాణాలు, సంస్థల చట్టం కింద సుప్రీంకోర్టు దాకా వెళ్లిన కేసు ఒకటుంది: సిల్వర్ జూబ్లీ టైలరింగ్ హౌస్, 1973. దర్జీలకు కుట్టిన బట్టకు ఇంత అని కూలి. పని ఉంటే వస్తారు, సెలవు చీటీ అక్కర్లేదు, రాకపోతే అడిగేవారు లేరు, పని అయిపోతే ముందే వెళ్లిపోవచ్చు. కొందరు బట్ట ఇంటికి తీసుకెళ్లి కుట్టేవారు. వినగానే స్వతంత్రులనే అనిపిస్తుంది కదా! అయినా కోర్టు వాళ్లను ఉద్యోగులే అంది. కుట్టు మిషన్లు దుకాణానివి. ఎలా కుట్టాలో చెప్పేది దుకాణమే. నచ్చకపోతే విప్పి మళ్లీ కుట్టమనే అధికారం కూడా దానిదే.

ఆ దర్జీలకున్న స్వేచ్ఛలో సగం కూడా మీ ఎడిటరు గారికి లేదు. అది పన్ను కేసు కాదనేది నిజమే, కానీ యజమాని, ఉద్యోగి సంబంధాన్ని తేల్చేటప్పుడు చూసే గుర్తులు ఇవే. ఆసుపత్రుల్లో కన్సల్టెంట్ డాక్టర్లు ఉద్యోగులా కాదా అని టీడీఎస్ వివాదాలు నడిచినప్పుడు కూడా ఒప్పందంలోని షరతులను ఇలాగే విప్పి చూశారు.

---

ఆడిట్_పట్టిక
15 డిసెంబర్ 2025, మధ్యాహ్నం 3:16

పైగా ఈ 'కన్సల్టెంట్' పేరు వల్ల మీకు మిగిలింది ఏమీ లేదు. లెక్క చూడండి. నెలకు 24,000 అంటే ఏడాదికి 2,88,000. కన్సల్టెంట్ అంటే 10 శాతం, 28,800 ఆయన చేతికి రాదు. రిటర్ను వేసి, రిఫండు కోసం ఎదురుచూడాలి. అదే జీతమైతే 192 సెక్షన్ కింద ఆ ఆదాయానికి పన్ను సున్నా, టీడీఎస్ సున్నా. వృత్తి పన్ను నెలకు 200 మాత్రం పట్టుకుని కట్టాలి. పీఎఫ్ ఇరవై మంది ఉన్నచోట, ఈఎస్ఐ పదిమంది ఉన్నచోట వస్తాయి. మీ దగ్గర ఈయనతో కలిపి నలుగురు. ఏం తప్పించుకుందామని ఆ పేరు పెట్టారో నాకు అర్థం కావడం లేదు. ఎవరో పెద్ద కంపెనీ కాగితం చూసి రాసుకున్నట్టుంది.

---

టెక్సాస్_గోదావరి (డల్లాస్)
16 డిసెంబర్ 2025, ఉదయం 7:40

సందర్భం వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. ఇక్కడ నాకు చిన్న వెబ్ డిజైన్ కంపెనీ ఉంది. కాకినాడలో ఒకమ్మాయి ఇంటి నుంచే నాకు పని చేసి పెడుతుంది. మా అకౌంటెంటు ఆమెకు 1099 (బయటివారికి ఇచ్చిన డబ్బును ఇక్కడి పన్ను శాఖకు చూపే ఫారం) అక్కర్లేదంటున్నాడు, నా స్నేహితుడు కావాలంటున్నాడు.

---

ఆడిట్_పట్టిక
16 డిసెంబర్ 2025, ఉదయం 10:33

మీ అకౌంటెంటు చెప్పిందే సరి. ఆమె అమెరికా పౌరురాలు కాదు, అక్కడి నివాసి కాదు, పని మొత్తం భారత్‌లోనే చేస్తోంది. కాబట్టి అది అమెరికా వెలుపలి ఆదాయం. 1099-ఎన్ఈసీ ఉండదు, పన్ను పట్టుకోవడం ఉండదు. ఆమె దగ్గర డబ్ల్యు-8బెన్ (విదేశీయురాలినని ధ్రువీకరించే ఫారం) సంతకం చేయించి ఫైల్లో పెట్టుకోండి. అమెరికాలోనే ఉండి పని చేసేవారి దగ్గర మాత్రం డబ్ల్యు-9 (అక్కడి పన్ను నంబరు రాసిచ్చే ఫారం) తీసుకోవాలి. 2025లో 600 డాలర్లు, అంతకు మించి ఇస్తే 1099-ఎన్ఈసీ ఇవ్వాలి. గడువు జనవరి 31, ఈసారి అది శనివారం కాబట్టి ఫిబ్రవరి 2. 2026 చెల్లింపులకు ఆ పరిమితి 2,000 డాలర్లకు పెరిగింది.

ఆ అమ్మాయికి ఒక మాట చెప్పండి. ఇక్కడ ఎవరూ టీడీఎస్ పట్టుకోరు కాబట్టి పన్ను లేదని చాలామంది అనుకుంటారు. ఆదాయం భారత్‌లో పన్నుకు లోబడిందే. పన్ను పడేంత ఆదాయముంటే అడ్వాన్సు టాక్సు తానే కట్టుకోవాలి.

---

కృష్ణలంక_ప్రచురణలు
17 డిసెంబర్ 2025, సాయంత్రం 5:12

ఎడిటరు గారితో మాట్లాడాం. జనవరి నుంచి జీతం కిందే, నియామక పత్రంతో. ఆయన మొహం వెలిగిపోయింది, మూడేళ్లుగా బ్యాంకువాళ్లు లోను ఇవ్వడం లేదట. అనువాదం చేస్తున్న ఆవిడకు ఫోన్ చేసి 5,500 లెక్క వివరించాను, ఫారం 16ఎ ఎప్పుడిస్తామో కూడా చెప్పాను. అనువాదిని గారి పోస్టు చదివాక అది ముందే చెప్పాలనిపించింది.

రాయల్టీ ఒక్కటే మిగిలింది. ఇంకా గడువు తేదీలు ఒకసారి ఎవరైనా చెబితే క్యాలెండరు మీద రాసుకుంటాను.

---

పద్దుల_రామయ్య
17 డిసెంబర్ 2025, రాత్రి 7:26

ఏ నెలలో పట్టుకున్నది మరుసటి నెల 7 లోపు. మార్చిది మాత్రం ఏప్రిల్ 30 వరకు. 26క్యూ గడువులు జులై 31, అక్టోబరు 31, జనవరి 31, మే 31. మీకు మొదటిది జనవరి 31.

7వ తేదీ గురించి గట్టిగా చెబుతున్నాను. డిసెంబరు 15న పట్టుకున్నది జనవరి 8న కడితే ఒక్క రోజే ఆలస్యం అనుకుంటారు. వడ్డీ పట్టుకున్న తేదీ నుంచి లెక్క, నెలకు ఒకటిన్నర శాతం, నెలలో కొంత భాగమైనా పూర్తి నెలే. శాఖ కంప్యూటర్ డిసెంబరును ఒక నెల, జనవరిని ఒక నెల అంటుంది. ఒక్క రోజుకు 3 శాతం పడుతుంది. రిటర్ను ఆలస్యమైతే రోజుకు 200, పట్టుకున్న మొత్తం దాటకుండా. పట్టుకుని కట్టకపోవడం మాత్రం ఈ రుసుములతో పోయేది కాదు. 276బి కింద క్రిమినల్ కేసుకు వీలుంది.

2026 ఏప్రిల్ 1 నుంచి 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం వస్తుంది. జీతాలు కాని టీడీఎస్ నిబంధనలన్నీ 393వ సెక్షన్‌లో పట్టికలుగా చేర్చారు. నలభై ఏళ్లుగా నోటికొచ్చిన నంబర్లు మరచిపోవాలి, ఈ వయసులో నాకిదొక శిక్ష.

---

ఆడిట్_పట్టిక
18 డిసెంబర్ 2025, ఉదయం 9:50

రాయల్టీ: ఒక రచయితకు ఏడాదిలో 50,000 దాటితే 10 శాతం టీడీఎస్. ఖాతాలో జమ రాసినా చాలు, డబ్బివ్వకపోయినా బాధ్యత వస్తుంది. మార్చి 31న రాయల్టీలన్నీ ఒకేసారి జమ రాసి వదిలేసే అలవాటు ప్రచురణకర్తల్లో ఉంది, అక్కడ జాగ్రత్త. రచయిత కాపీరైటు ఇచ్చినందుకు పడే జీఎస్టీ రివర్స్ ఛార్జ్ పద్ధతిలో ప్రచురణకర్త మీదికి వస్తుంది. మీరు అమ్మే అచ్చు పుస్తకాల మీద జీఎస్టీ లేదు కాబట్టి మీకు రిజిస్ట్రేషన్ తప్పనిసరా కాదా అన్నది విడిగా చూడాల్సిన సంగతి. మీ ఒప్పంద పత్రాలు పట్టుకుని మీ ఆడిటరు దగ్గర కూర్చోండి.

---

కృష్ణలంక_ప్రచురణలు
5 జనవరి 2026, ఉదయం 11:18

టాన్ వచ్చింది. ఇప్పుడు చలానా కడదామని పోర్టల్ తెరిచాను. సెక్షన్ల జాబితాలో 194జెకు రెండు కనిపిస్తున్నాయి: 4జెఎ, 4జెబి. అసెస్‌మెంట్ సంవత్సరం 2025–26 పెట్టనా?

---

ఆడిట్_పట్టిక
5 జనవరి 2026, ఉదయం 11:31

వద్దు, ఆగండి. అసెస్‌మెంట్ సంవత్సరం అంటే ఆదాయం వచ్చిన ఏడాదికి తరువాతి ఏడాది, కాబట్టి 2026–27. అనువాదానికి 4జెబి, 4జెఎ అనేది 2 శాతం సాంకేతిక సేవలకు. 5,500 పన్ను గడిలో, ఆ 50 రూపాయలు వడ్డీ గడిలో విడిగా వేయండి. చలానా నంబరు రాసి పెట్టుకోండి, 26క్యూలో కావాలి.